ఏ సీసా బస్సెక్కింది?

మొన్న శనివారం నేను రంగత్‌లో మా పెరట్లో నిలబడే, ఎక్కడో బారాటాంగ్ దీవిలో ఉన్న ఒకావిణ్ణి ఆసుపత్రి పాలు చేశాను. ఆవిడెవరో నాకు తెలీదు. ఇప్పటికీ మొహం చూడలేదు. ఆ టీ ముందు ఇలా ఇవ్వండి, చెప్తాను.

మా క్వార్టర్ పెరడు మీకు తెలుసుగా. వానలు మొదలయ్యాక గడ్డి నడుం దాకా లేచింది. జెర్రులు వంటింట్లోకే వచ్చేస్తున్నాయి. సరేనని గురువారం బజార్లో బెంగాలీ దాదా దుకాణానికెళ్లి గడ్డిమందు కొన్నాను. దాదా హిందీలో అన్నీ వివరంగా చెప్పాడు. గాలి లేనప్పుడు కొట్టాలి, కొట్టాక ఓ ఆరు గంటలైనా వాన పడకూడదు, ఆ పంపు ఇంక మొక్కలకి వాడకూడదు. ముఖ్యంగా డబ్బా మార్చకూడదు, తాళం వేసి పెట్టాలి. పిల్లలకి పాఠాలు చెప్పే నాకు ఈయన పాఠమేంటని సగమే విన్నాను.

ఇంటికొచ్చేసరికి డబ్బా మూత పగిలి మందు కారుతోంది. చేతికందిన ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసి వెనక వరండా అరమీద పెట్టాను. పగిలిన డబ్బా చెత్తబండిలో వేసేశాను. అదే అరమీద మా ఆవిడ మార్తా అడవితేనె పెట్టింది. అదీ నీళ్ల సీసాలోనే. రంగు కూడా ఇంచుమించు అదే. వానాకాలం తేనె కదా, పలచగా ఉంది.

ఆ తేనె పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్లాల్సింది. మా బామ్మర్ది ప్రకాష్‌కి అక్కడ పెళ్లిచూపులు. సంబంధం తెచ్చింది నేనే. శనివారం తెల్లవారకుండానే వాడు బస్సెక్కాడు.

ఎనిమిదింటికి నేను రెయిన్‌కోటు, గ్లవ్స్, మాస్కు, కళ్లకి పిల్లాడి స్విమ్మింగ్ అద్దాలు పెట్టుకుని వరండాలోకి వెళ్లాను. అరమీద ఏ సీసా లేదు.

మార్తాని అడిగాను. పొద్దున్న కరెంటు లేదు, చీకట్లో తడిమితే అరమీద ఒక్కటే సీసా తగిలింది, అది తేనే అనుకుని తమ్ముడి సంచిలో పెట్టేశానంది. ఉన్నవి రెండు సీసాలు. ఒకటి బస్సెక్కింది. రెండోది ఎక్కడా లేదు. ఏది బస్సెక్కిందో మాకు తెలీదు.

ప్రకాష్‌కి ఫోన్ చేస్తే అడవి దారిలో సిగ్నల్ లేదు. ముప్పావు గంట కొడుతూనే ఉన్నాను. మార్తా ఒక పక్క ప్రార్థన చేస్తూ, ఇంకో పక్క నన్ను తిడుతోంది. చివరికి బారాటాంగ్ జెట్టీ దగ్గర ఎత్తాడు.

"ఒరేయ్, ఆ సీసా ముట్టుకోకు. అందులో గడ్డిమందు ఉందేమో."

వాడు గొంతు తగ్గించి చెప్పాడు.

"బావా, పక్క సీట్లో దీదీ ఒకటే దగ్గుతోంది. దగ్గుకి తేనె మంచిదని రెండు మూతలు పోశాను."

తాగిందా అని అడిగాను. తాగిందట. కొంచెం వగరుగా ఉందని కూడా అందట. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని అరిచాను. బస్సు వాళ్లిద్దర్నీ దింపేసి ఫెర్రీ ఎక్కేసింది.

పది నిమిషాలకి అక్కడి నర్సు లైన్లోకి వచ్చింది. వాంతి చేయించకుండా మంచిపని చేశారు, మందు పేరేంటని అడిగింది. పేరు డబ్బా మీద ఉంది. డబ్బా చెత్తబండిలో వెళ్లిపోయింది. స్కూటీ తీసి బజారుకి పరిగెత్తాను. రెయిన్‌కోటు విప్పలేదని, అద్దాలు తియ్యలేదని నాకు తెలీదు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. బజార్లో మా స్కూలు పిల్లలు నమస్తే కూడా పెట్టలేదు, పక్కకి తప్పుకున్నారు. దాదా నన్ను గుర్తుపట్టడానికే ఒక నిమిషం పట్టింది. పాపం ఒక్క మాటా అనకుండా ఇంకో డబ్బా తీసి, నా ఫోన్లో నర్సుకి పేరు అక్షరం అక్షరం చదివాడు.

ఆవిడ రాసుకుంటూ ఉండగానే మార్తా ఫోన్ వచ్చింది. సీసా దొరికిందట. నా పనిముట్ల పెట్టెలో ఉందట. పెట్టెకి తాళం కూడా వేసి ఉందట. సుత్తితో పగలగొట్టి చూస్తే, సీసా మీద ప్లాస్టర్ అంటించి 'విషం' అని నా రాతే ఉందట.

అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం దాదా మాట మనసులో మెదిలి, నేనే తీసి, రాసి, తాళం వేశాను. జన్మలో మొదటిసారి ఒక జాగ్రత్త పూర్తిగా పాటించి, పాటించానన్న సంగతి మర్చిపోయాను.

అంటే దీదీ తాగింది తేనె. నర్సు అప్పటికే వాసన చూసి అనుమానపడిందట. దీదీని నేను ఫోన్లో క్షమాపణ అడిగాను. "భయ్యా, డర్ కే మారే ఖాసీ చలీ గయీ," అంది. భయానికి దగ్గు పోయిందట. కానీ బస్సు కూడా పోయింది కదా, ఆ విషయం మాత్రం పావుగంట మాట్లాడింది.

అయిపోయిందనుకుని సాయంత్రం నడుం వాల్చాను. పెళ్లికూతురి నాన్నగారు ఫోన్ చేశారు. చర్చిలో పెద్దమనిషి, మాట చాలా మెత్తన. ప్రకాష్ ఇంకా చేరలేదు, బస్సు మాత్రం ఎప్పుడో చేరింది. అందులో వచ్చిన తెలుగాయన ఎవరో ఏదో చెప్పారట.

"మాస్టారూ, అబ్బాయి బస్సులో పక్కనున్న ఆడమనిషికి మందు పోశాడట. నిజమేనా?"

మందు వాసన పడని ఇల్లు వాళ్లది. ఎలాగైనా సంబంధం నిలబెట్టాలని కంగారుగా చెప్పేశాను.

"అయ్యయ్యో, తాగే మందు కాదండీ. గడ్డిమందు."

ఆయన మెల్లగా ఫోన్ పెట్టేశారు. అది తేనె అని చెప్పాలన్న సంగతి నాకు ఆ తర్వాత తట్టింది.