రక్షణ కళ్లద్దాలు

వృత్తివిద్య చెప్పబోయే హైస్కూలు ఉపాధ్యాయులకు రెజైనా నగరంలో శిక్షణనిచ్చే వెర్నా కోవల్‌చుక్ వర్క్‌షాపులో ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే నిలబడుతుంది. అభ్యర్థి ఎంత తడబడినా అతని చేతిలోని పనిముట్టును తాను అందుకోదు. ఆ శుక్రవారం, ముప్పై ఏళ్లు వెల్డింగు చేసి ఈ దారి పట్టిన గోర్డ్ లాఫ్రెనియర్‌కు చివరి పరీక్షాపాఠం. ఆమె సంతకం పడితేనే అతనికి బడిలో ఉద్యోగం. తోటి అభ్యర్థులు తొమ్మిదిమంది విద్యార్థుల పాత్ర వహించి, ఇనుము అరగదీసే గ్రైండర్ల ముందు నిలబడ్డారు. పాఠం చక్కగానే సాగుతుండగా, ఇనుప అంచు సరిగా కనబడక గోర్డ్ తన రక్షణ కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టుకుని, ఎగిరే నిప్పురవ్వల మీదికి వంగాడు. వెర్నా విద్యార్థుల వైపు తిరిగి నిర్ఘాంతపోయింది. తొమ్మిదిమంది కళ్లద్దాలూ నుదుళ్ల మీదే ఉన్నాయి. ఒక్క ఉదుటున వెళ్లి కరెంటు కట్టేసింది.

“ఎవరు తీయమన్నారయ్యా మిమ్మల్ని?”

“సారు తీశారుగా మేడం! పిల్లల్లా ఉండమన్నది మీరేగా,” అని నవ్వాడొకడు.

గోర్డ్ ముఖం పాలిపోయింది. “నేను చూసుకోనేలేదండీ. సంతకం పోయినట్టేనా?”

“పోయినట్టే,” అంటూ చెమట తుడుచుకోబోయిన వెర్నా వేళ్లకు అద్దం తగిలింది. తన కళ్లద్దాలూ నుదుటి మీదే ఉన్నాయి; ఎప్పుడు నెట్టుకుందో ఆమెకు తెలియదు. అందరి ఎదుటా నెమ్మదిగా వాటిని కిందికి దించుకుంది.

“గోర్డ్ గారూ, పాఠం మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి నన్ను కూడా కనిపెట్టి ఉండండి.”