తీసిపెట్టమంటే పైన పెట్టాను

ఆ రోజుల్లో కడపలో ఇంటర్నెట్ పేజీ తెరుచుకునే లోపు ఒక టీ తాగి రావచ్చు. నేను పనిచేసే నెట్ సెంటర్‌లో పొద్దంతా కంప్యూటర్ ముందే ఉంటానని, మా సీమవాళ్లు కబుర్లాడుకునే ఒక చిన్న ఫోరానికి నన్ను మోడరేటర్‌ని చేశారు. (అర్హత అంతే.) ఆ పదవి ఎంత నెత్తికెక్కిందంటే, ఇంట్లో అమ్మ మాట్లాడుతున్నా మధ్యలో ఆపి "విషయం దారి తప్పుతోంది" అనేవాణ్ణి.

మా ఫోరానికి ప్రాణం కర్నూలు కుర్రవాడొకడు. ఫోరంలో 'ఉగ్గాని' అని మా సీమ బొరుగుల టిఫిన్ పేరు పెట్టుకున్నాడు. ఎరువుల అంగట్లో పని, ఆదివారమైతే పెళ్లిచూపులు. ఏ ఇంట్లో ఏం పెట్టారో రాసి, పదికి మార్కులు వేసేవాడు. బద్వేలులో ఒక ఇంట్లో అలసంద వడలకు మూడే వేసి, "ఈ వడ ఇసిరితే గండికోట గోడకైనా సొట్ట పడతాది. చెనిక్కాయల చట్నీకి మాత్రం తొమ్మిది" అని రాశాడు. మేమంతా పడీ పడీ నవ్వాం.

ఒకరోజు అతని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది: "అన్నా, నా పోస్టులన్నీ తీసిపెట్టప్పా. శానా అర్జెంటు." పాపం, దాచుకోవడానికి అడుగుతున్నాడనుకున్నాను. సాయంత్రం దాకా కూర్చుని అతని రాతలన్నీ ఏరి, ఒక్క చోట చేర్చి, 'ఉగ్గాని పెళ్లిచూపుల సర్వస్వం' అని పేరు పెట్టి, అందరికీ కనిపించేలా ఫోరం నెత్తిన కూర్చోబెట్టాను. మరుసటి రోజు సెంటర్‌కి ఫోన్.

"ఏమప్పా, తీసిపెట్టమంటే తీసి పైన పెడ్తావా! బద్వేలు సంబంధం కుదిరేటట్లుండాది. ఆ పాప వాళ్లన్న దినామూ మన ఫోరం సూస్తాండాడంట. ఇది తప్పిపోతే నా గతేంది?"

గొంతులో ఏడుపు వినిపించింది. అతను అడిగింది తీసెయ్యమని అప్పుడు అర్థమైంది. ఒక మనిషి పెళ్లి నా చేతుల మీదుగా చెడిపోతోందన్న భయంతో చెరిపేద్దామని ఆ పేజీ తెరిచాను. అడుగున అప్పటికే ఎవరో కొత్త సభ్యురాలి జవాబు ఉంది: "ఆ వడలు మా పెద్దమ్మ చేసింది. మూడు ఎక్కువే. చట్నీ నాది."

ఫోన్‌లోనే చదివి వినిపించాను.

"ఇంగోసారి సదువన్నా."

నాలుగుసార్లు చదివించుకున్నాడు. "అయితే ఇంక చెరిపే పని లేదు కదా?" అన్నాను సంబరంగా. "అట్ల కాదన్నా, చెరిపెయ్. మిగతా ఇండ్లల్లోనూ ఆడపిల్లలుండారు. వాళ్లు సదివితే బాధపడరా?" అన్నాడు. అంతమంది నవ్వాం గానీ, ఆ మాట మాలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గేసింది. అన్నీ చెరిపేశాను, ఆ అమ్మాయి జవాబును మాత్రం ఒక కాగితం మీద ప్రింటు తీసుకుని.

వాళ్ల పెళ్లిలో నాకు పెద్దమ్మ వడలు రెండు ఎక్కువే పడ్డాయి. మొన్న కర్నూలులో వాళ్లింటికి వెళ్తే చట్నీ చేసిన ఆ చెల్లెలు అడిగింది: "అన్నా, అప్పుడు నేను రాసిండేది యాడన్నా తీసిపెట్టినావా?"

"తీసిపెట్టడమంటే ఏ తీసిపెట్టడం తల్లీ?" అని ముందే అడిగాను, ఈసారి. ఆమె నవ్వాక, పర్సులోంచి పసుపు రంగెక్కిన ఆ కాగితం తీసి చేతిలో పెట్టాను. అప్పట్లోనే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత పని తప్పేదో! అడగనందుకు ఇప్పుడు ఏమాత్రం విచారం లేదు.