బోర్డు తుడిచేవాడి చేయి పట్టుకున్న డాక్టరమ్మ

ఐదో తరగతిలో నాకు దక్కిన ఒకే ఒక పదవి బోర్డు తుడవడం. అయ్యవారు రాసి చేయి దించీ దించకముందే తుడిచేసేవాణ్ణి. వెనక వరుసలో వాళ్లకు ఒక్క అక్షరం రాసుకునే వ్యవధి ఉండేది కాదు. నాకు చదువు రాకపోవడమే కాదు, తరగతి మొత్తానికి రాకుండా చేసిన ఘనత కూడా నాదే. ఆ ఏడాదే బడి నన్ను వదిలించుకుంది. సరిగ్గా నా పనే చేసే పదార్థం ఒకటి మనిషి మెదడులో ఉందని పెనుకొండ డాక్టరమ్మ చెప్పేదాకా నా ప్రయోజకత్వం నాకే తెలియదు.

ఎనభైల నడుమ సంగతి. హిందూపురంలో పట్టు కొని, మూటకట్టి, ప్యాసింజరు రైల్లో ధర్మవరం మగ్గాలకు చేర్చడం నా పని. ఆ నేతగాళ్లలో ఒక పెద్దాయనను మామా అనేవాణ్ణి, ఆయన భార్యను అత్తా అనేవాణ్ణి. మా మధ్య చుట్టరికం కలిపింది పట్టే. నేను ఎంతసేపు వాగినా మామ మగ్గం ఆపకుండా వినేవాడు. చివర్లో ఒకే మాటతో నా నోరు మూయించేవాడు. దానికోసమే నేను వాగేవాణ్ణేమో.

ఒక చలికాలం ఆయనకు ఉబ్బసం ఎక్కువైంది. ఎవరో చెబితే ఎండిన ఉమ్మెత్తాకు నలిపి, బీడీలా చుట్టి తాగడం మొదలుపెట్టాడు. మా వైపు అది తెలిసిన వైద్యమే. దమ్ము లాగగానే ఊపిరి ఆడేది. మేలు చేసేదాన్ని అనుమానించేదెవరు?

కానీ మనిషి తప్పిపోసాగాడు, అదీ మగ్గం మీద కూర్చునే. అంచులో ఏ రంగు తర్వాత ఏ రంగో మరిచేవాడు. నేసింది విప్పేవాడు. ఒకరోజు నన్ను చూసి, "ఎవరప్పా నువ్వు?" అన్నాడు. నవ్వులాటనుకున్నాను.

"పెండ్లికొడుకును మామా. చీర అయిందేమో చూసిపోదామని వచ్చినా."

"అట్లనా నాయనా, కూర్చో. ముహూర్తం ఎప్పుడు?"

ఆయన నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఈ చీర కూడా చెడితే పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, వేరేవాళ్లకు ఇచ్చేస్తానని మామకు నేత పని ఇచ్చే షావుకారు అప్పటికే చెప్పేశాడు. అత్త నన్ను వాకిట్లోకి పిలిచింది. "అన్నం లేకున్నా ఉంటాడు అల్లుడా, మగ్గం లేకుంటే మీ మామ బతకడు" అంది.

బెంగళూరులో చదివివచ్చిన డాక్టరమ్మ ఒకామె పెనుకొండలో చిన్న ఆస్పత్రి నడుపుతోందని విని ముగ్గురం రైలెక్కాం. దారిలో ఆయాసం రాకూడదని మామ ముందే స్టేషన్లో ఆకుబీడీలు ఒకటి ఆరకముందే ఇంకొకటి తాగాడు. రైలు కదిలాక ముఖం కందిపోయింది, ఒళ్లు కాలిపోసాగింది. చేతులు గాలిలోకి చాపి, లేని పోగులు పట్టుకుని, వేళ్ల మధ్య మెలిపెట్టి అతకసాగాడు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికేది అట్లాగే. ఎంత నేర్పుగా చేశాడంటే, ఎదుటి సీట్లో కూర్చున్నామె పోగు తగులుతుందేమోనని తల పక్కకు జరుపుకుంది.

"ఎన్ని తెగినాయి మామా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"అన్నీ తెగినాయి" అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మామ కళ్లలోకి టార్చి వేసి చూసింది. కంటిపాపలు పెద్దవై అట్లే ఉండిపోయాయి. నాలుక మీద తడి లేదు.

"ఏం తాగతాడమ్మా?"

"కాఫీ" అంది అత్త.

"పొగ?"

అత్త కొంగుముడి విప్పి ఆకుపొడి చూపించింది. డాక్టరమ్మ వాసన చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మెదడులో ఒక కణం ఇంకొకదానికి కబురు రాస్తాది, బోర్డు మీద రాసినట్ల. రాసింది వెంటనే తుడిచేదానికి ఒక ఎంజైము ఉండాది. తుడవాల్సిందే, లేకుంటే కొత్తది రాసేదానికి చోటుండదు. ఈ ఉమ్మెత్త పోయి చదివేవాళ్ల కండ్లకు అడ్డం కూర్చునింది. నా సూదిమందు ఆ తుడిచేవాని చేయి కొంచేపు పట్టుకుంటాది. అక్షరాలు దట్టమై, అడ్డం తోసుకుని కనపడతాయి."

"ఆ తుడిచేవాడు నాకు బాగా తెలుసు మేడమ్" అన్నాను. ఆమె పట్టించుకోలేదు.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు ఇవ్వాలంటే భయమేనట. తుడిచేవాణ్ణి ఎక్కువగా బిగిస్తే ఊపిరి బిగుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. ఆ మాట అత్తకు దాచకుండా చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే, ఆక్సిజన్ సిలిండరు మంచం పక్కకు జరిపించి సూది అందుకుంది. మందు ఎంత నిదానంగా ఎక్కించిందో! రెండో చేతి వేళ్లు నాడి మీదినుంచి తీయలేదు. బయట జట్కా గుర్రం సకిలించినా ఆమె కళ్లు ఎత్తలేదు.

గాలిలో ఆడుతున్న మామ వేళ్లు నెమ్మదించాయి. ఆగాయి. దుప్పటి మీద వాలాయి. ఆయన చుట్టూ చూసి, అత్త ముఖం దగ్గర నిలిచి, "నువ్వు అన్నం తిన్యావా?" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత నావైపు తిరిగాడు.

"ఏమబ్బా, పట్టు తెచ్చినావా, ఉత్త నోరే తెచ్చినావా?"

తిట్టు ఇంత తీయగా ఉంటుందని ఆ పూటే తెలిసింది. ఎక్కడికో వెళ్లిపోయిన మనిషిని ఆమె చేయిపట్టి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. నాకు తెలిసిన జోకులన్నీ దాని ముందు చిన్నబోయాయి.

"ఇది కొంచేపే" అంది డాక్టరమ్మ. "మళ్లీ మబ్బు కమ్మితే మళ్లీ ఇస్తా. ఆకు విషం దిగేదాకా ఈడనే ఉండండి. ఉబ్బసానికి వేరే మాత్రలు ఉండాయి. ఆకు మాత్రం ముట్టొద్దు."

"ముసలితనం మరుపుకు గూడా ఈ మందే పనిచేస్తాదా తల్లీ?" అని అత్త అడిగింది.

"తుడిచేవాణ్ణి మాత్రలతో ఆపితే మేలైతాదేమో అని బయటి దేశాల్లో చూస్తాండారు. అయితాదో లేదో నాకు తెలీదు."

అంత పని చేసి కూడా 'నాకు తెలీదు' అనగలిగిందే, అందుకు నేను మనసులో ఇంకొక దండం పెట్టాను.

నేను తర్వాత పట్టు మూటతో ధర్మవరం వెళ్లేసరికి మామ మగ్గం గుంతలో ఉన్నాడు. అంచు రంగులు వరస తప్పకుండా పడుతున్నాయి. షావుకారు పడుగు అక్కడే ఉంది. డాక్టరమ్మ చెప్పిన బోర్డు పోలిక, నా బడి కథ రెండూ ఆస్పత్రిలోనే మామకు చెప్పి ఉన్నాను కాబట్టి, గట్టు మీద కూర్చుని మొదలుపెట్టాను.

"మామా, నేను గూడా ఆ సూది ఒకటి ఏయించుకుంటా. బడికి పోయి ఐదో తరగతి పాసైతా."

ఆయన మగ్గం ఆపలేదు. తల ఎత్తలేదు.

"అది రాసినదాన్ని చెరిగిపోకుండా చూస్తాది అబ్బోడా. నీ బోర్డు మీద రాసినోళ్లెవరు?"