గుట్ట మీది పిల్లిపీచర

మొన్న సూర్యాపేటలో, బాలింతగా ఉన్న మా మనవరాలికి పాలు బాగా పడతాయని ఎవరో చెబితే, మందుల షాపు నుంచి ఒక పొడి డబ్బా తెచ్చారు. మూత తీస్తే సగం ఖాళీ. నోటికొచ్చింది అనబోతుంటే, డబ్బా మీది బొమ్మ కంటబడింది. సూదుల్లాంటి సన్నని ఆకు, నూకలు చల్లినట్టు తెల్లని పూత. మా పెన్‌పహాడ్ గుట్ట మీది పిల్లిపీచరే అది.

పోలీసు చర్య అయిన చలికాలం, గుట్ట వైపు పోవడానికి జనానికి భయం తీరిన కొత్తలో, నాకు తమ్ముడు పుట్టాడు. అమ్మకు పాలు పడలేదు, మేకపాలు పోస్తే వాడికి ఇమడలేదు, ఏడ్చి ఏడ్చి చివరికి వాడి గొంతు బొంగురుపోయింది. రెండో తరగతితోనే బడి మాన్పించిన నన్ను, నాయనమ్మ చిన్న గడ్డపార ఇచ్చి పిల్లిపీచర కోసం గుట్టకు పంపింది. మట్టి కింద వేళ్లలాంటి గడ్డలు గుత్తిగా ఉంటాయి, సగం తీసుకుని మొదలును కదిలించకుండా రావాలని మరీ మరీ చెప్పింది. ఎక్కువ తెస్తే ఎక్కువ పాలు పడతాయని నా లెక్క. ముళ్లకు చేతులు గీరుకుపోతున్నా పొదనంతా మొదలుతో సహా పెకిలించి, ఒడి నింపుకుని మురిసిపోతూ వచ్చాను.

నాయనమ్మ ఒడిలోకి చూసింది. "పాలిస్తదని బర్రెనే కోసుకొస్తివా పోరి? రేపు ఇంకో బాలింతకు ఏం పెడ్తం, నీ తలకాయనా?" అన్నది. సగం గడ్డలు తెంపుకుని, మిగిలినవి మొదలుకే ఉంచి తడిగుడ్డలో చుట్టి, అన్నం కూడా పెట్టకుండా నన్ను మళ్లీ గుట్టకు తోలింది. అదే గుంతలో పాతి, ముంతెడు నీళ్లు పోసి వచ్చాను.

నాయనమ్మ, తెంపుకున్న గడ్డల నడిమి పీచు తీసి, నూరి, ఆవుపాలలో కాచి అమ్మకు పూటపూటా తాగించింది. నాలుగోనాడు తమ్ముడి ఏడుపు వినబడక, ఇంట్లోకి ఉరికాను. వాడు కడుపు నిండి, మూతికి పాలచుక్కతో నిద్రపోతున్నాడు.

ఎండాకాలంలో ఆ పొద ఎండిపోతే నా పాపమేననుకున్నాను. తొలకరికి అదే చోట చిగురు వచ్చింది. కొన్నేళ్లకు నా పెద్దబిడ్డ పుట్టినప్పుడు నాయనమ్మ నాకు తెచ్చి పెట్టింది ఆ పొద గడ్డలే, అదీ సగమే.

మనవరాలికి ఇప్పుడు పాలకు కొదవ లేదు, సంతోషమే. ఖాళీ అయిన డబ్బా పారేయనివ్వక, కడిగి ఆవాలు పోసుకున్నాను. ఆ గుట్ట కంకరైపోయి చాన్నాళ్లయింది. ఈ పొడికి గడ్డలు తవ్విన చేతులు ఎక్కడివో, వాటికి మొదలు విడిచిపెట్టమని చెప్పిన ముసలిది ఉన్నదో లేదో, డబ్బా మీద ఎంత వెతికినా రాసి లేదు.