మెట్టు మీది పసుపు

మా వంశపు వీరగల్లును తెచ్చి మరుగుదొడ్డికి మెట్టుగా వేశారు. బొమ్మ చెక్కిన వైపే పైకి పెట్టి మరీ వేశారు. దాన్ని తొక్కితే గానీ లోపలికి పోలేరు.

దయ్యాల మాట ఎత్తినవాళ్ళను ఎగతాళి చేసిన మనిషిని నేను. వయసులో ఉండగా శ్మశానం పక్క చేనికి కాపలా పడుకున్నాను. అడవిపందులు వచ్చాయి తప్ప ఇంకేమీ రాలేదు. బడిలో మూడో తరగతి దాటలేదు, పొట్లాల కాగితాలు చదివి అక్షరం గట్టి చేసుకున్నాను. కంటితో చూసి చేత్తో తడిమితే గానీ దేన్నీ నమ్మను. ఇది చూసిందీ, తడిమిందీ.

పోయిన మాఘంలో మా అక్క బళ్ళారి నుంచి వచ్చింది. ఎనభైకి దగ్గర పడింది. కోట చూడాలంది. ఊరి పేరు రాయను. రాస్తే సెల్ఫీల కోసం ఇంకో నాలుగు బస్సులు దిగుతాయి.

పశువుల దొంగలతో పోరాడి చచ్చిన మా పూర్వీకుడి రాయి ఆ కోట కిందే ఉండేది. కత్తి పట్టిన మనిషి, పక్కన ఆవు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ముందు ఆ రాయికి పసుపు పూయాలి, ఆ తర్వాతే మెతుకు ముట్టాలి. మా ఇంటి ఆచారం. అందుకే పొద్దున బస్సు దిగిన అక్క కాఫీ కూడా తాగలేదు. ఆమెకు షుగరుంది.

కోట ఎక్కాం. బురుజు నిండా పెయింటుతో ప్రేమికుల పేర్లు. గుర్రాల లాయంలో బిర్యానీ ప్లేట్లు, గుట్కా ఉమ్ములు. నాకే సిగ్గేసింది, అక్క ముఖం చూడలేకపోయాను.

కిందికి దిగి చూస్తే రాయి ఉన్నచోట గుంత ఉంది. వాచ్‌మన్ ఓబులేసును అడిగితే, గడ్డంతో కొత్త మరుగుదొడ్డి వైపు చూపించాడు.

గడపకు లోపలి పక్కన మెట్టుగా పరిచి ఉంది. ఆవు ముఖం మీద చెప్పుల బురద. అంచున మూత్రం మడుగు. ఆ రోతలో, వీరుడి రొమ్ము మీద మాత్రం పచ్చగా పసుపు.

"ఎవరప్పా పూసింది?" అన్నాను.

"నాకేం తెలుసన్నా? దినామూ ఫినాయిల్ పోసి రుద్దుతాండా. తెల్లారేసరికి మళ్ళా ఉంటాది. నా కొలువుకే ఎసరు పెట్టేట్టుండాది."

అక్క ముక్కు కూడా మూసుకోలేదు. "రేయ్ నారాయణా, మీ ఊర్లో మగోళ్ళు ఉండారా, అందరూ ఉచ్చకు పోయినారా?" అంది.

ఇది ఓబులేసు వేషమే అనుకున్నాను. వాడి చేతిలోని బ్రష్షు లాక్కుని, నల్లరాయి బయటపడేదాకా నేనే తోమాను. లోపల ఎవరూ లేరు. కిటికీ లేదు, పైన జాలీ కొట్టిన బెత్తెడు సందు ఒకటే. తాళం వేసి తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. ముగ్గురం ఎదురుగా నీడలో కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం, మరో మనిషి లేడు.

గంట తర్వాత తలుపు తీశాను. రొమ్ము మీద పసుపు. తడిగా ఉంది, నా వేలికి అంటింది. నాలుగు వేళ్ళు దిగలాగిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. అక్క తెచ్చిన పసుపు ఆమె కొంగున ముడిలోనే ఉంది. ముడి నేనే విప్పి చూశాను. ఓబులేసు చేతులు వాసన చూశాను. ఫినాయిల్ కంపు తప్ప ఏమీ లేదు.

"ఎవరో నాకంటే ముందే పూసినారు. ఈ కంపులో నేను పూయను. రాయిని లేపించు. అంతదాకా మీ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టను," అంది అక్క. అన్నట్టే ఖాళీ కడుపుతో బళ్ళారి బస్సెక్కింది. ఆ మరుసటి వారమే జారిపడి తుంటి ఎముక విరిగింది. అప్పటి నుంచి మంచం దిగలేదు. ఫోన్ చేస్తే నా బాగోగులు అడగదు. "లేపినారా?" అంటుంది, అంతే.

రాతిలో ఊట అనుకుందామా? ఊటకు వేళ్ళుంటాయా? ఇన్ని నెలలుగా ఆలోచిస్తున్నా నాకు అంతు దొరకలేదు.

రాయిని మునుపటి చోట నిలబెట్టమని కోటను చూసుకునే టూరిజం ఆఫీసుకు ఐదు అర్జీలు పెట్టాను. చూసింది చూసినట్టు రాశాను. ఐదోదానికి జవాబు వచ్చింది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను:

"సదరు రాయిని తొలగించు ప్రతిపాదన ఏదియు లేదు. పసుపు మరకలపై పర్యాటకుల ఫిర్యాదులు అందినందున దానిపై టైల్స్ వేయించడమైనది. టైల్స్‌పై కూడా ప్రతిదినము పసుపు కనబడుచున్నది. కావున మీ సోదరి ఇకమీదట అచ్చటికి రాకుండా చూసుకొనవలసినదిగా హెచ్చరించడమైనది."