వెండి రంగు పట్టీ వేసిన ఆట

పిన్ని దుబాయ్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ కన్సోల్ మా ఇంట్లో దాదాపు ఏడాది పాటు ఒకే ఒక్క డిస్కుతో బతికింది. అది కూడా పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన నమూనా డిస్కే. ఒక్కో ఆటను కొంచెం రుచి చూపించి, సరిగ్గా మజా వచ్చేచోట ఆగిపోయేది. దుర్గ్ స్టేషన్ దగ్గర దుకాణాల్లో జెరాక్సు అట్టలు పెట్టిన దొంగ డిస్కులు కుప్పలు కుప్పలుగా ఉండేవి. నాన్న రెండు కొనుక్కొచ్చారు. మా పెట్టె రెండింటినీ చదవనంది. తిరిగి తీసుకెళ్తే, "ఇస్‌మే చిప్ లగానా పడేగా సార్" అన్నాడట దుకాణం అతను. దొంగ డిస్కులు ఆడాలంటే పెట్టె విప్పి లోపల చిప్పు వేయించాలట. నాన్నకు ఒళ్లు మండింది. కొత్త వస్తువును విప్పి గెలకడమేమిటి, ఎప్పుడైనా రాయపూర్ వెళ్లినప్పుడు అసలు డిస్కే కొందాం అన్నారు. ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాలేదు.

అప్పటికి రాయపూర్ రాజధానిగా మా కొత్త రాష్ట్రం ఏర్పడి రెండేళ్లో మూడేళ్లో అయింది. నాన్న స్కూటర్‌కు ఇంకా పాత రాష్ట్రం నంబరే ఉండేది. స్మృతి నగర్‌లో సొంత ఇల్లు. నాన్న ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు. అమ్మకు దుర్గ్‌లో ఉద్యోగం. నేను ఒక్కగానొక్క కూతురిని, ఎనిమిదో తరగతి. స్కూలు బస్సు దిగి, మెడలో తాడుకు వేలాడే తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళితే, అమ్మ వచ్చేదాకా ఇంట్లో ఫ్రిజ్ మోత తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఒంటరితనం అనే మాట నాకప్పుడు తెలియదు. దాన్ని కడుపునొప్పి అనుకునేదాన్ని. నిజంగానే! అమ్మ నన్ను రెండుసార్లు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లింది.

ఆ నొప్పిని తగ్గించింది డాక్టరు కాదు, మా వెనక పోర్షన్‌లోకి అద్దెకు వచ్చినవాళ్ల అమ్మాయి. వాళ్లది శ్రీకాకుళం వైపు. వాళ్ల నాన్న ప్లాంటులో కాంట్రాక్టరు కింద రిగ్గరుగా పనిచేసేవాడు. బరువైన యంత్రాలను గొలుసులు కట్టి పైకెత్తించే పని. ఆయన్ని నేను అంకుల్ అనేదాన్ని. ఆ పిల్ల నాకంటే ఏడాది పెద్దది, సర్కారు బడిలో చదివేది. వచ్చిన మూడో రోజున మా కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"ఏటే, ఒక్కద్దానివే టీవీతో మాటాడతన్నావు?"

"మాట్లాడట్లేదు, తిడుతున్నాను. మధ్యలో ఆగిపోతోంది."

"తలుపు తియ్యి. ఇద్దరం తిడదాం."

అంతే. ఆ రోజు నుంచి సాయంత్రాలు మావి. మా డిస్కులో ఇద్దరు కలిసి ఆడగలిగిన కార్ల పందెం ఒక్కటే ఉండేది. అదీ ఒక్క చుట్టే. గీత దాటగానే తెర నల్లబడి, పూర్తి ఆట కొనుక్కోమని చెప్పేది. "అరే యార్, మల్లీ ఆగిపోనాది!" అని అది నెత్తి కొట్టుకునేది. ఆ ఒక్క చుట్టునే కొన్ని వందలసార్లు తిరిగి ఉంటాం. ఏ మలుపులో ఎవరు బ్రేకు వేస్తారో ఇద్దరికీ కంఠతా వచ్చు. అది ఎప్పుడూ ఎర్ర కారే తీసుకునేది, ఎప్పుడూ గోడకు గుద్దేది, గుద్దినప్పుడల్లా నన్నే తిట్టేది. నా కడుపునొప్పి ఎటు పోయిందో పోయింది. అంత సుఖంగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఇక్కడ నాన్న ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. అన్నం తినేటప్పుడు ఆయన మాట్లాడేది పట్టాల గురించే. ఏ పట్టాలో సన్నని పగులు దొరికింది, దేన్ని పక్కన పెట్టించారు, ఎవరితో గొడవైంది. తేడా ఉన్న ముక్కకు రంగు పట్టీ వేసేస్తారు. దాన్ని ఇంక రైలు దారికి పంపరు. తక్కువ రేటుకు వేరే పనులకు అమ్మేస్తారు. దాని పేరు సెకండ్స్. మా ఊళ్లో ఆ మాట తెలియని ఇల్లు లేదు. కాలనీ పిల్లలం ఒకరినొకరం వెక్కిరించుకోవడానికి కూడా అదే వాడేవాళ్లం. పరుగు పందెంలో వెనకబడినవాడు సెకండ్స్, అన్నయ్య పాత చొక్కా వేసుకొచ్చినవాడు సెకండ్స్. రంగు పట్టీ, తక్కువ ధర, ఈ రెండూ ఒకచోట కనిపిస్తే ఇంక ఆలోచించే పనే లేదు మాకు.

నా పుట్టినరోజు వచ్చింది. మా ఇంగ్లీషు మీడియం స్కూలు నుంచి నలుగురు అమ్మాయిలను పిలిచాను. అమ్మ సెలవు పెట్టి కేకు తెప్పించింది. వెనక పోర్షన్ పిల్ల అందరికంటే ఆఖరున వచ్చింది, తలకు నూనె రాసి బిగించి జడ వేసుకుని, చేతిలో తళతళలాడే కాగితం చుట్టిన పొట్లంతో. "మా నాన్న ఆదివారం రాయపూర్ ఎల్లి తెచ్చినాడే, ఇప్పి చూడు!" అంది. దాని మొహం చూస్తే పుట్టినరోజు నాదో దానిదో తెలియనట్టుంది. కాగితం చించాను. ఆట! మా కార్ల పందెం! ఒక్క చుట్టు కాదు, మొత్తం ఆట. గట్టి ప్లాస్టిక్ డబ్బా, పైన సీలు. దొంగ డిస్కు కాదు, అసలుది. నేను కేక పెట్టాను కూడా.

అప్పుడు మా క్లాసు పిల్ల ఒకతి డబ్బాను చేతిలోకి తీసుకుంది. బొంబాయిలో వాళ్ల కజిన్ దగ్గర ఇదే ఆట ఉందట, దాని అట్ట మీద మాత్రం ఈ పట్టీ లేదట. నేను అప్పుడు చూశాను. అట్టకు ఎడమ అంచున పైనుంచి కింద దాకా వెండి రంగు పట్టీ, దాని మీద నిలువుగా ప్లాటినం అని అక్షరాలు. "పట్టీ ఉన్నవి సగం రేటుకే ఇస్తారు" అని ఆ క్లాసు పిల్ల పెదవి విరిచింది. నలుగురూ నా వైపు చూశారు. ఇన్‌స్పెక్షన్ ఆఫీసరు గారి అమ్మాయిని కదా! నాకు తెలియనిదేముంది?

"సెకండ్స్ మాల్ హై," అన్నాను. "మా నాన్న మిల్లులో కూడా అంతే. రిజెక్ట్ అయిన ముక్కకు పట్టీ వేసి చవగ్గా తోసేస్తారు."

నలుగురూ పగలబడి నవ్వారు. నా నోటి దూల అంత బాగా పనిచేసిన రోజు ఇంకోటి లేదు.

"మా నాన్న షాపోడిని అడిగే తెచ్చినాడే," అంది అది, మెల్లగా.

"అడిగితే పాడైపోయిందని వాడే చెప్తాడా ఏంటి?"

అది కేకు ప్లేటు కింద పెట్టి, అమ్మ పిలుస్తోందని వెళ్లిపోయింది. ఎవరూ పిలవలేదు. నాకూ వినబడేది కదా, పిలిస్తే.

మర్నాడు అది రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రాకపోతే పోనీ, పెద్ద గొప్ప అనుకున్నాను. సీలు కూడా తీయకుండా డబ్బాను బీరువాలో బట్టల కింద తోసేశాను. వారం గడిచేసరికి ఎదురు చూడటం మొదలుపెట్టాను. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని హోంవర్కు చేసేదాన్ని. పెరట్లో కుళాయి దగ్గర ఎదురుపడితే అది బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయేది. ఒక్క మాట అంటే సరిపోయేదేమో. ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఊడిపడలేదు. అడ్డమైనవన్నీ వాగే నోరు అది! కడుపునొప్పి మళ్లీ మొదలైంది. ఈసారి అమ్మకు చెప్పలేదు, అది ఏ నొప్పో నాకు తెలిసిపోయింది కనుక.

రెండు నెలలకు వాళ్ల నాన్న కాంట్రాక్టు పని అయిపోయింది. దగ్గర్లోని ఉతై ఊళ్లో చుట్టాలున్నారని అటు మకాం మార్చేశారు. తాళాలు ఇవ్వడానికి వాళ్లమ్మ వచ్చి "ఎల్లొస్తామమ్మా, ఉతై పక్కనే గదా, రండి" అని నా తల నిమిరింది. ఆ పిల్ల అప్పటికే సామాన్ల ఆటోలో మూటల మధ్య కూర్చుని ఉంది. నేను గేటు దాకా వెళ్లాను. అది అటు తిరిగి కూర్చుంది.

వాళ్లు వెళ్లిన చాలా రోజులకు నాన్న ఏదో వెతుకుతూ బీరువా ఖాళీ చేస్తుంటే ఆ డబ్బా బయటపడింది.

"ఇదేంటమ్మా, ఇంకా విప్పలేదేం?"

"సెకండ్స్ నాన్నా అది. పట్టీ ఉంది చూడు."

నాన్న కళ్లజోడు పెట్టుకున్నారు. ఏ కాగితమైనా మొదటి అక్షరం నుంచి ఆఖరు చుక్క దాకా చదివే మనిషి. సీలు జాగ్రత్తగా తీసి, లోపల ఉన్న చిన్న కాగితం మడతలు విప్పారు. ఐదారు భాషల్లో ఉంది. ఇంగ్లీషు ముక్క దొరకబుచ్చుకుని మొత్తం చదివారు.

"సెకండ్స్ కాదే పిచ్చిదానా. జనం ఎగబడి కొన్న ఆటలకు మాత్రమే ఈ పట్టీ వేస్తారట. మొదట్లో ఖరీదు పెట్టి అమ్ముతారు. బాగా ఆడిందనుకుంటే మళ్లీ ముద్రించి, అందరికీ అందేలా ధర తగ్గిస్తారు. అమ్ముడుపోనిదానికి ఈ పట్టీ రానే రాదు." డిస్కును వెలుతురుకు ఎత్తి ఇటూ అటూ తిప్పి చూశారు. "గీత కూడా లేదు. నువ్వు చూడకుండానే రిజెక్ట్ చేశావా?"

ఆయన కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. నేను చేసిన నిర్వాకమంతా అప్పుడు చెప్పాను, ఎక్కిళ్లు పెడుతూ. నాన్న ఆ కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి డబ్బాలో పెట్టారు. తర్వాత, "వచ్చే ఆదివారం వెళ్దాం, నువ్వే చెప్పు ఆ అమ్మాయికి" అన్నారు.

ఆ వారం రోజులూ క్షమాపణ బట్టీ పట్టాను. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. ఏ భాషలో చెప్తే అది నవ్వుతుందో తేల్చుకోలేకపోయాను. ఆటను పెట్టెలో వేసి చూశాను కూడా. ఎంత బాగుందో! చుట్టు మీద చుట్టు, ఎక్కడా ఆగలేదు. ఒక్కదాన్నే ఆడి, ఒక్కదాన్నే గెలిచి, ఆపేశాను.

ఉతైలో వాళ్లు ఇంకా చర్చికి వేసుకెళ్లిన బట్టల్లోనే ఉన్నారు. అంకుల్ తెల్ల చొక్కాతో వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు. "రండి సార్, రండి. ఏటి ఇంత దూరం?" అని మంచం దులిపి నాన్నను కూర్చోబెట్టాడు. నేను గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"ఆట బాగా ఆడతన్నావా అమ్మా?" అన్నాడు అంకుల్, మొహమంతా నవ్వుతో. "మా పిల్ల సెప్పినాది. నువ్వు ఎగిరి గంతేసినావట గదా! ఇక్కడికి వొచ్చేదాకా రోజూ మీ ఇద్దరికీ అదే పనంట గదా! నాకేటి తెలుసు సార్ ఈ ఆటలూ గీటలూ? షాపోడినే అడిగినాను, బాబూ, అందరూ ఎక్కువగా కొన్నదేటో అదే ఇయ్యి, ఆపీసరు గారి పాపకి ఇవ్వాల, మాట రాకూడదు అని. పట్టీ ఉన్నదే తీసి ఇచ్చినాడు."

నాన్న నా వైపు చూశారు. ఆ పిల్ల రెండు గ్లాసుల నీళ్లతో గుమ్మంలోకి వచ్చింది. అంకుల్ మాట అదీ వింది. నన్ను సూటిగా చూసింది, అన్ని నెలల తర్వాత మొదటిసారి. వద్దు అన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపింది.

"చాలా బాగుంది అంకుల్," అన్నాను. "రోజూ ఆడుతున్నాను."

ఖాళీ గ్లాసు ఇచ్చే వంకతో దాని వెనకే వంటింట్లోకి వెళ్లాను. సారీ అన్నాను. బట్టీ పట్టినదంతా పోయి ఆ ఒక్క ముక్కే మిగిలింది. అది గ్లాసు కడుగుతూ, నా వైపు చూడకుండా, వాకిట్లోకి వినబడనంత మెల్లగా మాట్లాడింది.

"మా నాన్నకి తెల్దు. నేను సెప్పనేదు. నువ్వింక ఇక్కడికి రాకే. వొస్తే ఏదో ఓనాడు ఆయనకి తెలిసిపోతాది."

సరేనన్నాను. నాన్న స్కూటర్ తీశారు. అంకుల్ రోడ్డు దాకా వచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. "సెలవులకి మా పిల్లని మీ ఇంటికి పంపుతానమ్మా, ఇద్దరూ మల్లీ ఆడుకుందురు గాని," అన్నాడు.

అలాగే అంకుల్ అన్నాను.