మెడ నిలవని బిడ్డకు పెద్ద క్యారియర్

2023 ఎండాకాలం. మార్కాపురం బజారులో నేను పసిపిల్లల సామాన్ల దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఆ ఏడే బేబీ క్యారియర్లు తెప్పించాను. బిడ్డను ఒంటికి కట్టుకుని రెండు చేతులతో పని చేసుకోవడానికి వాడే సంచి అది. ఎర్గొనామిక్ రకంలో బిడ్డ కాళ్లు వేలాడవు. కప్ప కూర్చున్నట్టు మోకాళ్లు పైకి ఉంటాయి, తొడల కింద ఆసరా ఉంటుంది. బరువు తల్లి భుజాల మీదే కాక నడుం పట్టీ మీదా పడుతుంది.

ఒకరోజు పొద్దున కొనకనమిట్ల నుంచి సుబ్బమ్మ అనే పెద్దామె వచ్చింది. అక్కడ బస్సులు ఆగేచోట వాళ్లకు టిఫిన్ల కొట్టు ఉంది.

"కోడలు పార్సిళ్లు కట్టాల, బిడ్డేమో చంక దిగదు. సంచి ఒకటి ఇయ్యమ్మా" అంది. రెండు సైజులు చూపించాను. "పెరిగే పిల్ల గదా, పెద్దదే ఇయ్యి. రెండేండ్లు వస్తాది."

గౌన్లు కొనేవాళ్లంతా అనే మాటే. ఇచ్చేశాను. మెట్లు దిగుతూ, "ఇంకా మెడ గూడా నిలవలా, అప్పుడే ఎంత గోలో!" అని నవ్వింది. నేను మరొకరికి డైపర్లు చూపిస్తున్నాను. మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు.

ఎక్కాక ఇక దుకాణంలో నిలవలేకపోయాను. మెడ నిలవని బిడ్డ పెద్ద క్యారియర్‌లో కిందికి జారిపోతుంది. గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి ఆడదు, ఏడవడానికి కూడా వీలుండదు. బస్టాండుకు పరుగెత్తాను. ఆమె బస్సు వెళ్లిపోయింది. ఫోన్ నంబరు తీసుకోలేదు. దుకాణానికి తాళం వేసి, చిన్న సైజు క్యారియర్ ఒకటి పట్టుకుని తర్వాతి బస్సెక్కాను. ఇంకెంతసేపని మూడోసారి అడిగితే కండక్టర్, "నువ్వు దిగి తోస్తే తొందరగా పోతాదమ్మా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కొట్టు ముందు జనం. కోడలు లక్ష్మి వడల పొట్లాలు కడుతోంది. ఛాతీ మీద నేనమ్మిన క్యారియర్. బిడ్డ నడినెత్తి తప్ప ఏమీ కనిపించడం లేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి లోపలికి చెయ్యి పెట్టి బిడ్డ గడ్డం పైకెత్తాను.

"ఎవరు నువ్వు? బిడ్డను పట్టుకుంటావేంది?" అని లక్ష్మి అరిచింది.

బిడ్డ ముఖం చెమటతో తడిసి ఎర్రగా కందిపోయి ఉంది. ఒక్కసారి గట్టిగా గాలి పీల్చి కేరుమంది. ఆ ఏడుపు వినగానే అక్కడి బల్ల మీద కూలబడ్డాను.

సుబ్బమ్మ నీళ్లు తెచ్చింది. జరిగింది చెప్పాను. లక్ష్మి బిడ్డను బయటికి తీసి గుండెకు హత్తుకుంది. తర్వాత మెల్లగా, "అమ్మేటప్పుడే అడగాల్సింది గదా అక్కా" అంది.

పెద్ద క్యారియర్ వెనక్కి తీసుకున్నాను. చిన్న క్యారియర్ కట్టి చూపించాను: బిడ్డ ముఖం ఎప్పుడూ కనిపించాలి, తల వంచితే ముద్దు పెట్టుకోగలిగేంత ఎత్తులో ఉండాలి, గడ్డం కింద రెండు వేళ్ల సందు ఉండాలి. పొయ్యి దగ్గరికి మాత్రం కట్టుకుని పోవద్దన్నాను. లక్ష్మి నాలుగుసార్లు విప్పి కట్టింది. అయినా ఆ వారమంతా నాకు మనసు కుదుటపడలేదు.

అప్పటి నుంచి బిడ్డను చూడకుండా క్యారియర్ అమ్మను. "గుడ్డ సంచికి ఇంత రాద్ధాంతమేంది?" అని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పోనిచ్చాను.

ఎనిమిది నెలల తర్వాత లక్ష్మి తనే వచ్చింది. నేను నోరు తెరవకముందే బిడ్డను తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది.

"ఆ చిన్నదాంట్లో పట్టక కాళ్లు బయటికి వస్తాండయి. ఇప్పుడు ఏది సరిపోతాదో చూడక్కా."